ఆ పట్టు పట్టిన పిల్ల పేరేంటి?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది కావలి పక్క పల్లె. పేరు, ఊరు వెయ్యొద్దు. నేను రొయ్యల గుంటల మీద పనిచేస్తాను. మా పాప ఇంటర్ రెండో ఏడాది, వయసు 17. ఎనిమిదో తరగతి నుంచి కబడ్డీ ఆడుతోంది. కూతకు పోయిందంటే ఉత్త చేతులతో రాదని పేరు. సంక్రాంతికి పక్క మండలంలో పెట్టిన పోటీల్లో ఫైనల్ దాకా పోయారు. ఆఖరి కూతకు మా పాప వెళ్ళి దొరికిపోయింది. రెండు పాయింట్ల తేడాతో పోయింది కప్పు. మా ఏరియా యూట్యూబ్ ఛానల్ వాళ్ళు ఆ ముక్క కత్తిరించి వీడియో పెడితే లక్ష మంది పైనే చూశారంట. కింద కామెంట్లు చదవలేకుండా ఉన్నాయి. డబ్బు తీసుకుని దొరికిందని కొందరు, నిక్కర్ల మీద కొందరు, కులం ఎత్తి ఇంకొందరు. పాప గ్రౌండుకు పోవడం మానేసింది. వాళ్ళ నాయనమ్మ ఆట మానిపించి ఎంసెట్ కోచింగులో వెయ్యమంటోంది. మా బామ్మర్ది కేసు పెడదామంటాడు. పాపేమో తనే ఒక వీడియో తీసి అందరికీ జవాబు చెబుతానంటోంది. రాత్రిళ్ళు గుంట కాడ కూర్చుని ఆ కామెంట్లే చదువుతుంటా. ఏం చెయ్యమంటారు?
— ఒక తండ్రి, నెల్లూరు జిల్లా

జవాబు:

తమ్ముడూ,

మీరు పంపిన వీడియో చూశాను. ఆరేడుసార్లు చూశాను. చూసినకొద్దీ అనుమానమొచ్చి, పోటీలు పెట్టినవాళ్ళు ఎక్కించిన పూర్తి మ్యాచ్ ఎక్కడుందో వెతికి, అది కూడా మొదటినుంచి చివరిదాకా చూశాను. రిటైరైన విలేఖరికి ఇంకేం పని ఉంటుంది చెప్పండి.

ఛానల్ వాళ్ళు పెట్టిన ముక్కలో మీ అమ్మాయి అప్పటికే కాలు చాచేసి ఉంటుంది. అక్కడినుంచి స్లో మోషన్, ఏడుపు సంగీతం, పాప ముఖం చుట్టూ ఎర్ర గుండ్రం. పూర్తి వీడియోలో కథ వేరే. అంతకుముందు రెండు కూతలూ ఖాళీగా వెనక్కి వచ్చాయి. ఇద్దరు పెద్ద పిల్లలు వెళ్ళి ఎవరినీ తాకకుండానే వచ్చేశారు. కాబట్టి మూడోది డూ ఆర్ డై. పాయింటు తేకపోతే వెళ్ళినవాళ్ళే అవుటు. ఒక పాయింటు వెనకబడి ఉన్నారు. అవతల నలుగురే ఉన్నారు కాబట్టి బోనస్ గీత తొక్కి గట్టెక్కే దారి లేదు, ఎవరో ఒకరిని తాకాల్సిందే. అలాంటి కూతకు జట్టులో అందరికంటే చిన్నదాన్ని పంపారు. పంపారని కూడా అనకూడదు. కెప్టెన్ చుట్టూ చూస్తుంటే మీ అమ్మాయే మోకాళ్ళు తట్టుకుని ముందుకొచ్చింది. అది వీడియోలో స్పష్టంగా ఉంది, కావాలంటే ఆపి చూడండి.

తర్వాత ఏం జరిగింది? ముందు కుడివైపుకు వెళ్ళినట్టే వెళ్ళి ఎడమ కార్నర్ మీదికి తిరిగింది. ఆ కార్నర్‌లో ఉన్న పిల్ల, పొదిలి వైపు నుంచి వచ్చిన జట్టు పిల్ల, భయపడినట్టు ఒక్క అడుగు వెనక్కి వేసింది. అది నాటకం. మీ అమ్మాయి దాన్ని నమ్మి కాలు చాపింది. చాచిన కాలు నేలకు ఆనేలోపే ఆ పిల్ల నేలబారుగా దూకి మడమ పట్టేసింది. రెండు చేతులూ తాళం వేసినట్టు పడ్డాయి. అప్పటికీ మీది ఊరుకోలేదు. ఒంటికాలి మీద గెంతుతూ, పట్టుకున్న పిల్లనే ఈడ్చుకుంటూ, మధ్యగీత వైపు మూడు బారలు వచ్చింది. పక్కనుంచి ఇంకో పిల్ల వచ్చి నడుం పట్టాక కిందపడింది. పడ్డాక కూడా చెయ్యి చాచింది. వేళ్ళకీ గీతకీ మధ్య జానెడు ఉంది. అంతే.

ఆ యాంకిల్ హోల్డ్ ఎంత బాగుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. నలభై ఏళ్ళుగా చెడుగుడు చూస్తున్నాను, జిల్లా స్థాయి ఆడపిల్లల ఆటలో అలాంటి పట్టు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్ని చూశాను. కామెంట్లు రెండు వందల దాకా చదివాను. ఆ పట్టు పట్టిన పిల్ల పేరేంటని ఒక్కరూ అడగలేదు.

ఇది గమనించాక నాకు సంగతి అర్థమైంది. రాసినవాళ్ళు ఆట చూడలేదు. ఆట చూసినవాడు తిట్టినా ఆటగురించే తిడతాడు. "కార్నర్ మీదికి కాలు ఎందుకు చాచావమ్మా, చెయ్యి వాడొచ్చుగా" అంటాడు. అలాంటి కామెంట్లు వెతగ్గా వెతగ్గా నాలుగో అయిదో దొరికాయి. మిగతావాళ్ళంతా తమ బుర్రలో అప్పటికే ఉన్నదాన్ని తెచ్చి మీ అమ్మాయి నెత్తిన దించారు. సొమ్ము తీసుకుందన్నవాడు పొద్దున లేస్తే బెట్టింగుల మధ్య బతికేవాడు, వాడికి ప్రతి ఓటమిలోనూ ఎవడో డబ్బు తిన్నట్టే కనబడుతుంది. నిక్కరు గురించి రాసినవాడి ఇంట్లో ఆడపిల్లలు ఉంటే వాళ్ళ సంగతి తలుచుకోవడానికే నాకు భయమేసింది. కులం ఎత్తినవాడి గురించి చెప్పేదేముంది, వాడు ఆటకు ముందు కూడా అదే మనిషి.

మన వైపు సంక్రాంతికి ఒంగోలు గిత్తలతో బండ లాగిస్తారు కదా, మీరూ చూసే ఉంటారు. మైకులో ఏమని చెబుతారు? ఫలానా ఊరు, ఫలానా వారి జత అంటారు. గెలిస్తే దండ ఆసామి మెడలో. ఓడిపోతే మాత్రం "ఎలపట గిత్త సరిగా కాలు పెట్టలేదు" అంటారు. మీ ఊళ్ళో కూడా సెమీస్ గెలిచిన రాత్రికి రాత్రే ఫ్లెక్సీ వేయించారని విన్నాను. దాంట్లో పైనున్న నాయకుల ముఖాలు గుమ్మడికాయలంత ఉంటాయి, కింద ఆడిన పిలకాయలు పాస్‌పోర్టు ఫొటోలంత. నాకు తెలియక అడుగుతాను, ఆ ఫ్లెక్సీ ఇప్పుడు ఎవరి గడ్డివామి మీద ఉంది?

ఇదంతా మీ పల్లెకే పట్టిన చీడ అనుకోకండి. 2016లో రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు ఫైనల్‌కు వెళ్ళింది. కరోలినా మారిన్‌తో ఆట, మొదటి గేమ్ 21-19 తో మన పిల్లే తీసుకుంది. దేశమంతా టీవీల ముందు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న ఆ రోజుల్లోనే ఆమె కులమేంటని గూగుల్‌లో జనం తెగ వెతికారు. వెతికినవాళ్ళలో మన రెండు తెలుగు రాష్ట్రాలే ముందున్నాయని పత్రికలు రాశాయి. వెండి పతకం తెచ్చిన పిల్ల సంగతి అది. గెలిస్తే మావాళ్ళని చెప్పుకోవడానికి, ఓడితే మీవాళ్ళని ఎత్తిపొడవడానికి పనికొస్తుందని ఆ వెతుకులాట.

ఓడితే ఏం చేస్తారో హాకీ ఆడే వందనా కటారియాను చూస్తే తెలుస్తుంది. టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో అలా హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత మహిళ ఆమే. సరిగ్గా నాలుగు రోజులకు, 2021 ఆగస్టు 4న, అర్జెంటీనాతో సెమీఫైనల్ పోయింది. హరిద్వార్ దగ్గర ఆమె ఊళ్ళో కొందరు వచ్చి ఇంటిముందు టపాసులు కాల్చారు. దళితులు ఎక్కువైపోయారు కాబట్టే జట్టు ఓడిందని అరిచారని ఇంట్లోవాళ్ళు పోలీసులకు ఫిర్యాదు చేశారు. మన దేశం ఓడినందుకు మన దేశంలోనే టపాసులు! అదే ఏడాది అక్టోబరులో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో క్రికెట్ జట్టు పది వికెట్ల తేడాతో ఓడింది. పది వికెట్లంటే ఏంటి? ఆ రోజు ఒక్క బౌలర్‌కీ ఒక్క వికెట్టూ రాలేదని. తిట్లు మాత్రం మహమ్మద్ షమీ ఒక్కడికే పడ్డాయి. ఎందుకో మీకు విప్పి చెప్పనక్కర్లేదు. నిక్కర్ల సంగతికొస్తే, 2005లో సానియా మీర్జా యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు దాకా వెళ్ళిన నెలలోనే ఆమె స్కర్టు పొడవు మీద దేశమంతా పంచాయితీ పెట్టింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్ళు. మీ అమ్మాయి కంటే ఒక ఏడాది పెద్ద.

ఇక ఛానల్ సంగతి. ఆ కుర్రాడెవరో నాకు తెలియదు కానీ, అతను చేసిన పని నాకు బాగా తెలుసు. ఎందుకంటే నేనూ చేశాను.

తొంభైల్లో ఒక దినపత్రిక జిల్లా పేజీలకు ఆటల వార్తలు రాసేవాణ్ణి. నెల్లూరు వీఆర్సీ గ్రౌండులో ఒక క్రికెట్ మ్యాచ్‌లో బౌండరీ దగ్గర ఒక కాలేజీ కుర్రాడు సులువైన క్యాచ్ వదిలేశాడు, వాళ్ళ జట్టు ఓడింది. నేను "చేతికి చిల్లు" అని శీర్షిక పెట్టాను. డెస్కులో శెభాష్ అన్నారు, టీ ఇప్పించారు. ఆ కుర్రాడు అంతకుముందు 60 పరుగులు కొట్టాడు. ఆ ముక్క వార్తలో చివరి వాక్యం, జాగా చాలక అది కూడా ఎగిరిపోయింది. పదిహేనేళ్ళ తర్వాత ఆత్మకూరు పోయే బస్సులో కండక్టరు టికెట్ కొడుతూ కొడుతూ నా ముఖంలోకి చూసి, "సార్, చేతికి చిల్లు మీరే కదా రాసింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ మ్యాచ్ తర్వాత బ్యాటు పట్టలేదట. పత్రిక వచ్చిన రోజు వాళ్ళ నాన్న అంగట్లో నలుగురి ముందు దాన్ని చదివించాడట. ఏ జట్టు మీద ఓడారో అడిగితే అతనికి గుర్తులేదు. నాకూ గుర్తులేదు. మిగిలిన చిల్లర రూపాయి ఇవ్వబోతే నేనే వద్దన్నాను. ఆ రూపాయితో ఏదో తీరిపోతుందన్నట్టు.

నా రోజుల్లో ఆ పత్రిక మర్నాటికి పొట్లాం కాగితం అయ్యేది. ఇప్పటి వీడియో పొట్లాం కాదు. మీరు ఒకసారి చూస్తే ఆ యంత్రం మీకు ఇంకోసారి చూపిస్తుంది, మీ బామ్మర్ది కోపంతో కామెంటు పెడితే ఇంకో వెయ్యిమందికి చూపిస్తుంది. దానికి కోపానికీ మెచ్చుకోలుకీ తేడా తెలియదు, జనం ఆగి చూస్తున్నారా లేదా అన్నదొక్కటే కావాలి. లక్ష వ్యూస్‌లో మీ ఇంటివి, మీ చుట్టాలవి, నావి ఎన్ని ఉన్నాయో ఎవరు చెప్పగలరు.

సరే, ఇప్పుడు కాస్త కష్టమైన మాట. మీ ఉత్తరంలో రాయని సంగతి ఒకటి ఆ వీడియోలో ఉంది.

వీడియో మీ అమ్మాయితో మొదలవదు, మీతో మొదలవుతుంది. ఫైనల్‌కు ముందు మైకు పెడితే మీరు తెల్ల చొక్కాలో నిలబడి, "కప్పు మాదే, రాసిపెట్టుకోండి, మా పాప ఉండగా అవతలోళ్ళు ఏం పీకలేరు" అన్నారు. ఆ మాట అయిన వెంటనే కట్ చేసి, పాప మ్యాట్ మీద బోర్లా పడి ఉన్న బొమ్మ వేశాడు. జనం నవ్వింది సగం ఆ అతుకు చూసి. అంటే సగం కామెంట్లు మీకు రావాల్సినవి, మీ బిడ్డకు వెళ్ళాయి. "ఇంకా మాట్లాడు", "మైకు ఇవ్వండ్రా మళ్ళీ" అని రాసినవన్నీ మరోసారి చూడండి. అవి ఎవరినుద్దేశించో తెలుస్తుంది. మీ అమ్మాయికి ఇది మొదటి రోజే తెలిసి ఉంటుందని నా అనుమానం. ఆ మాట ఆమె మీతో అనలేదు. ఎందుకు అనలేదో ఒక్కసారి ఆలోచించండి. బహుశా తను వీడియో తీసి జవాబు చెబుతానంటోంది కూడా తనకోసం కాదేమో.

మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదిది. కన్న తండ్రి మైకు ముందు పొంగిపోకపోతే ఇంకెవరు పొంగిపోతారు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టినప్పుడు గ్యాలరీలో వాళ్ళ నాన్న ముత్యాలరెడ్డి గారు కన్నీళ్ళతో చేతులు జోడించడం ప్రపంచమంతా చూసింది. నేనూ ఏడ్చాను. కానీ దానికి అయిదు నిమిషాల ముందు ఏం జరిగిందో గుర్తుందా? కొడుకు 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. ఇక ఒకే వికెట్టు. సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతులు ఎలాగో ఆపాడు. ఆ మూడింటిలో ఒకటి వికెట్లకు తగిలి ఉంటే? అదే కెమెరా, అదే తండ్రి ముఖం, కింద రాసే అక్షరాలు మాత్రం వేరే. ఆ ముఖం అప్పటికే వాళ్ళ దగ్గర ఉంది, దేనికి అతికించాలన్నది మూడు బంతులు తేల్చాయి. మీ ముఖం కూడా అలాగే ఛానల్ వాడి దగ్గర ముందే సిద్ధంగా ఉంది.

మీకు తెలుసో లేదో, సింధు కోచ్ పుల్లెల గోపీచంద్ మన పాత ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన మనిషి. రియోకు ముందు మూడు నెలలు సింధు దగ్గర ఫోను తీసేసుకున్నారు. పతకం వచ్చాక విలేఖరులతో, ఇప్పుడు చేసే మొదటి పని ఆమె ఫోను ఆమెకు తిరిగివ్వడమే అని చెప్పారు. ఐస్‌క్రీమ్ కూడా మాన్పించారు, అది వేరే కథ. ఈ సంగతి చెప్పి చాలామంది తల్లిదండ్రులు పిల్లల ఫోన్లు లాక్కుంటారు. మీ ఇంట్లో లాక్కోవాల్సింది మీ ఫోను తమ్ముడూ. గుంటలో రొయ్య మేత తింటోందో లేదో చెక్ ట్రే ఎత్తి చూస్తారు కదా. దానికో వేళ ఉంటుంది, అరగంటకోసారి ఎత్తి చూసే రైతును నేనైతే చూడలేదు. ఏరియేటర్ల చప్పుడు వింటూ రాత్రంతా మీరు ఎత్తి చూస్తున్న ట్రేలో మేత లేదు, బురదే ఉంది. ఆ ఛానల్‌ను మీ ఫోన్లో ఈ రాత్రే మ్యూట్ చెయ్యండి. పాప ఆటల వీడియోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం కూడా కొన్నాళ్ళు ఆపండి. గెలిచిన ప్రతిసారీ స్టేటస్ పెట్టి, ఓడినప్పుడు పెట్టకపోతే ఆ తేడా పిల్లకు అర్థం కాదనుకున్నారా?

ఇప్పుడు మీరు అడిగినవి.

అన్నిటికంటే ముందు పాప అన్నం తింటోందా, నిద్రపోతోందా, స్నేహితురాళ్ళతో మాట్లాడుతోందా అన్నది చూడండి. మీ ఉత్తరంలో అది లేదు. మీ నిద్ర గురించే ఉంది. తలుపు వేసుకుని ఉండిపోవడం, "నేనెందుకు బతకడం" లాంటి మాటలు అనడం ఉంటే ఆలస్యం చెయ్యకండి. 14416కు ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ లైన్, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. వాళ్ళ అమ్మను పక్కన కూర్చోపెట్టి చెయ్యండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 2025 మహిళల క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద 127 నాటౌట్ కొట్టి గెలిపించిన జెమీమా రోడ్రిగ్స్, ఆ టోర్నీలో తను దాదాపు రోజూ ఏడ్చానని, ఆందోళనతో సతమతమయ్యానని మ్యాచ్ అయ్యాక అందరి ముందూ చెప్పింది. అంతకుముందు ఒక మ్యాచ్‌కు జట్టులోంచి తీసేశారు కూడా. చెప్పుకున్నందువల్ల ఆమె చిన్నదైపోలేదు.

జవాబు వీడియో వద్దు. మీ అమ్మాయి చెప్పేది నిజమే అయినా వద్దు. మూడు నిమిషాలు మాట్లాడితే వాళ్ళు మూడు సెకన్లు కత్తిరిస్తారు, గొంతు వణికిన చోట. 2021లో టెన్నిస్ ఆడే నవోమి ఒసాకా ఫ్రెంచ్ ఓపెన్‌లో విలేఖరుల సమావేశానికి రానందుకు 15 వేల డాలర్ల జరిమానా వేశారు, చివరకు ఆమె టోర్నీ నుంచే తప్పుకుంది. అంత పెద్ద క్రీడాకారిణికి మైకు ముందుకు రాకపోతే జరిమానా ఉంది. మీ అమ్మాయికి అలాంటి కట్టుబాటు ఏదీ లేదు. ఊరికే ఉండే హక్కు ఉచితంగా ఉన్నప్పుడు వాడుకోవడానికేం? ఈ మాట ఆమెకు తిట్టినట్టు కాక, నవ్వుతూ చెప్పండి.

కేసు గురించి మీ బామ్మర్ది చెప్పినదాంట్లో కొంత న్యాయం ఉంది. అన్ని కామెంట్లనూ ఒకే గంపలో వెయ్యకండి. "చేతకాదు", "దొరికిపోయింది", "డబ్బు తీసుకుంది" అన్నవాటి వెంట పడితే మీ బతుకు స్టేషన్ల చుట్టూ తెల్లారుతుంది, వదిలెయ్యండి. ఒంటి గురించి, దుస్తుల గురించి అసహ్యంగా రాసినవి వేరు. పాపకు 18 నిండలేదు కాబట్టి లైంగిక ధోరణిలో రాసిన మాటలకు పోక్సో చట్టం వర్తించవచ్చు, ఆ మాట స్టేషన్లో గట్టిగా చెప్పండి. కులం సంగతి: మీ కులమేంటో మీరు రాయలేదు, నేను అడగను. ఎస్సీ, ఎస్టీలైతే కులం పేరుతో బహిరంగంగా అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అలాంటి ప్రతి కామెంటుకూ స్క్రీన్‌షాట్ తీయండి, రాసినవాడి ఖాతా పేరు, తేదీ, వీడియో లింకు కనబడేలా. వాళ్ళు తీసేస్తే మళ్ళీ దొరకవు. ఈ పని మీ బామ్మర్దికి అప్పజెప్పండి, కోపం ఉన్నవాడు శ్రద్ధగా చేస్తాడు. మీరు మాత్రం ఆ జోలికి పోవద్దు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంటినుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది.

కానీ స్టేషన్ కంటే ముందు ఆ ఛానల్ కుర్రాడి దగ్గరికి వెళ్ళండి. పత్రిక అయితే ప్రెస్ కౌన్సిల్‌కు రాయొచ్చు, యూట్యూబ్ ఛానళ్ళు దాని కిందికి రావు. అతను మీ ఏరియావాడే అన్నారు. ఒక మైకు, ఒక బైకు, నెలాఖరున వచ్చే నాలుగు రాళ్ళు, చాలామంది కథ అదే. అరవకండి, బామ్మర్దిని తీసుకెళ్ళకండి. పాపకు ఆట నేర్పే పీడీ సారును వెంటబెట్టుకుని వెళ్ళి, టీ తాగుతూ మూడు అడగండి: పాపకు 17 ఏళ్ళే కాబట్టి ఎర్ర గుండ్రం వేసిన ఆ బొమ్మ తీసెయ్యమని, కామెంట్లు మూసెయ్యమని, ముక్క కాకుండా ఆఖరి కూత మొత్తం పెట్టమని. ఒప్పుకుంటాడనే నా నమ్మకం. ఒప్పుకోకపోతే అప్పుడు స్టేషన్. నా శీర్షిక వచ్చిన మర్నాడు ఆ కుర్రాడి నాన్న వచ్చి నా ఎదురుగా కూర్చుని ఉంటే నేను సవరణ వేసేవాణ్ణా? నిజం చెప్పాలంటే ఆ వయసులో నాకు గొంతు పెగిలేది కాదు, కానీ వేసేవాణ్ణి.

ఆట మానిపించే విషయం. పెద్దావిడ మాటలో ప్రేమ ఉంది, ఆమెను ఏమీ అనకండి. కోచింగులో చేర్చాలనుకుంటే చేర్చండి, ఇంటర్ పిల్ల చదువుకోవాల్సిందే. రెండూ చేసేవాళ్ళు లేకపోలేదు. అయితే ఆట మానేది ఆట వల్ల అయి ఉండాలి. మోకాలు పోయిందనో, ఇష్టం చచ్చిందనో, రైలు దిగి ఇంటికొచ్చేసరికి రాత్రి పది అవుతోందనో. ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడు రాసినదానికి మానేస్తే, ఆ నిర్ణయం మీ ఇంట్లో ఎవరూ తీసుకున్నట్టు కాదు. పాపనే అడగండి, ఇవాళ కాదు, పరీక్షలయ్యాక. అప్పటిదాకా మ్యాచ్‌లు వద్దు, ఊరికే పొద్దున గ్రౌండుకు వెళ్ళి స్నేహితురాళ్ళతో నాలుగు రౌండ్లు పరిగెత్తి వస్తే చాలు.

ఒక్క మాట ఆమెకు చేరవెయ్యండి. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరికి కంచు పతకం దాదాపు చేతిలో ఉంది. ఆఖరి ప్రయత్నంలో తేలిక బరువు పెట్టించుకోవచ్చు. బంగారం కోసం 137.5 కిలోలు పెట్టించుకుంది. ఎత్తలేకపోయింది, బరువు కిందపడింది. ఆ పడిన క్షణాన్నే కత్తిరించి ఎర్ర గుండ్రం వేస్తే ఎలా ఉండేదో మీ అమ్మాయిని ఊహించమనండి. ఇద్దరు అక్కలు ఎవరినీ తాకకుండా వెనక్కి వచ్చిన చోట తను కాలు చాచింది. దొరికింది, నిజమే. నేను లెక్కపెట్టాను, జట్టుకొచ్చిన 23 పాయింట్లలో 9 ఆమె కూతల్లోవే.

అయితే కార్నర్ మీదికి కాలు చాపడం తప్పే. ఎడమ కార్నర్ పిల్ల అంతకుముందు కూడా రెండుసార్లు అదే నాటకం ఆడింది, పూర్తి వీడియోలో మొదటి సగంలో ఉంది. మీ అమ్మాయి గమనించలేదు, బెంచీ మీద ఉన్న సారు కూడా చెప్పినట్టు లేదు. ఆదివారం పూట పీడీ సారూ, పాపా కూర్చుని ఆ మ్యాచ్ మొత్తం చూడాలి, సౌండ్ తీసేసి. వాళ్ళు చూస్తున్నంతసేపూ మీరు గుంట కాడే ఉండండి.

ఇంకో పని కూడా ఉంది. ఆ పొదిలి వైపు పిల్ల పేరు పోటీలు పెట్టినవాళ్ళ దగ్గర ఉంటుంది. పీడీ సారు ద్వారా కనుక్కోండి. వీలైతే పాపచేత ఒక మెసేజ్ పెట్టించండి, ఆ పట్టు ఎక్కడ నేర్చుకున్నావని. జవాబు ఏమొచ్చిందో నాకు కూడా రాయండి.